చివరి కుట్టు

"చుట్టు చుట్టు చెల్లాయీ, సుడి తిరిగి చుట్టూ,
చుట్టినంత నీదమ్మా, జారినంత..."

జారినంత ఎవరిదో నాయనమ్మకి తెలీదు. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాట అది. ఆ మిగతా ముక్క నేర్చుకునే లోపే ఆటలోంచి ఎవరో పిలిచారు. ఆమె చెయ్యి వదిలేసి వెళ్ళింది, మళ్ళీ ఆ గుండ్రంలోకి రాలేదు. అంచేత అరవై నాలుగేళ్ళు వచ్చినా ఆమె దగ్గరున్నది ఒకటిన్నర పంక్తే.

ఆ ఒకటిన్నర పంక్తినే రోజూ పొద్దున సింకు ముందు నిలబడి మనసులో పాడుకునేది. పైకి పాడటానికి వీల్లేదు, నోట్లో దారం ఉండేది.

మింగిన మాట అరగదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. కోపమొచ్చి నాలిక చివరిదాకా వచ్చిన మాటని గుటుక్కున మింగేస్తే, తెల్లారేసరికి అది దారమై గొంతులో కొస తేలుతుంది. పళ్ళు తోముకున్నాక ఆ కొస పట్టుకుని మెల్లిగా లాగాలి. కొందరికి జానెడు వస్తుంది, కొందరికి మూరెడు. వీధి చివరి బ్యాంకు గార్డుకి తెగిన ముక్కలు వస్తాయి, ఎందుకంటే వాళ్ళ మేనేజరు తిట్టేటప్పుడు మధ్యమధ్యలో నవ్వుతాడు. కోడలికి వచ్చేది సన్నగా ఉంటుంది. ఆఫీసు బాత్రూంలో లాగి, అక్కడే చెత్తబుట్టలో వేసి వచ్చేస్తుంది. నాయనమ్మకి మాత్రం తెగకుండా, పీచు లేకుండా, బూడిద రంగులో బారలకి బారలు వచ్చేది.

ఆ ఇంట్లో దారం కొన్న గుర్తు ఎవరికీ లేదు. బట్టలారేసే తాడు ఆమెదే. కిటికీ తెర వేలాడేది ఆమె దారం మీదే. కొడుకు దుకాణాలకి ఇనప షట్టర్లు బిగించే పని చేస్తాడు. చిన్న వ్యానులో కడ్డీలు కట్టడానికి కూడా అదే తీసుకెళ్ళేవాడు. "నీ దారం ఉక్కే అమ్మా, రెండు మణుగుల బరువు మోస్తుంది" అని మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ మర్నాటికి ఇంకో బారెడు తయారయ్యేది. వాడుకోగా మిగిలినవి ఏడు ఉండలు, మంచం కింద రేకు డబ్బాలో ఉండేవి.

ఒకరోజు అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు కొడుకు అన్నాడు, "అక్క ఫోన్ చేసింది. కవల పిల్లలతో చచ్చి బతుకుతోందట. మన మిరియాన్ని ఓ ఏడాది పంపమంటోంది. చేతికింద ఉంటుందని."

అక్క అంటే నాయనమ్మ పెద్ద కూతురు. అరపూట బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది. మిరియం అంటే మనవరాలు. పదేళ్ళది, నల్లగా చిన్నగా గుండ్రంగా ఉంటుంది, నోరు తెరిస్తే ఘాటు, అందుకని ఆ పేరు.

"మరి బడి..." అంది కోడలు. తక్కిన మాట కూర గిన్నెలోకి చూస్తూ మింగేసింది.

"ఏడాది పోతే ఏం కొంప మునుగుతుంది? మళ్ళీ వచ్చాక చేర్పిద్దాం. ఐదో తరగతేగా, డాక్టరు చదువు కాదుగా."

"పిల్ల ఎందుకు, నేను వెళ్తాను" అంది నాయనమ్మ.

"నువ్వా? అక్క ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నీ మోకాళ్ళు మొదటి మెట్టు మీదే దండం పెట్టేస్తాయి." కొడుకు నవ్వాడు. ఆ తర్వాత అసలు సంగతి గుర్తొచ్చినట్టు, "అయినా నువ్వెళ్తే ఇక్కడ వంటెవరు చేస్తారు?" అన్నాడు.

మిరియం తల ఎత్తలేదు. "సరే నాన్నా" అంది.

మర్నాడు పొద్దున ఆ పిల్ల స్టూలు ఎక్కి సింకు ముందు నిలబడి, "నాయనమ్మా, నోట్లో ఏదో వెంట్రుక" అంది. నాయనమ్మ వేలు పెట్టి లాగింది. జానెడు దారం వచ్చింది. తెల్లగా, మెత్తగా, ఇంకా తడి ఆరకుండా.

"అప్పుడే వచ్చేసిందా? నాకు పన్నెండో ఏడు దాకా రాలేదు" అంది కోడలు జడ వేసుకుంటూ. కొడుకు వచ్చి చూసి, "పెద్దదైపోతోంది" అని పిల్ల నెత్తి మీద తట్టి పనికి వెళ్ళిపోయాడు. పాలపన్ను ఊడితే ఎంత హడావిడి ఉంటుందో అంతే.

నాయనమ్మ ఆ జానెడు దారాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆమెకి ఒళ్ళు మండింది. అరికాలి నుంచి మొదలై నడినెత్తి దాకా మండింది. ఆమెని కూడా తొమ్మిదో ఏట వాళ్ళ అక్క పిల్లల్ని ఎత్తుకోవడానికి పంపించారు. బళ్ళో వేసి మూడు నెలలైనా కాలేదు. "ఒక్క ఏడాదేగా" అన్నాడు వాళ్ళ నాన్న. ఆ ఒక్క ఏడాది ఏడేళ్ళు సాగింది. ఒక పిల్లాడు నడక నేర్చేసరికి ఇంకోడు పుట్టేవాడు. మళ్ళీ అక్షరాలు ఆమె చేతికి వచ్చింది అరవయ్యో ఏట, మిరియం ఒకటో తరగతి పుస్తకంలో. పిల్ల టీచరై బెత్తం పట్టుకుని "ఇది 'ఠ', మధ్యలో చుక్క మర్చిపోకు" అని గద్దిస్తే నేర్చుకుంది. ఆ బెత్తం పట్టుకున్న పిల్ల గొంతులోంచి ఇవాళ దారం వచ్చింది.

ఆ కోపాన్ని కూడా ఆమె మింగింది. అలవాటు మరి. కానీ అది మామూలు మాట కాదు, గొంతులో అడ్డం పడింది. రెండ్రోజులు మంచినీళ్ళు కూడా దిగలేదు. మూడోరోజు మందుల షాపుకి వెళ్ళింది.

షాపతను టార్చి వేసి గొంతు చూశాడు. "దీనికి బిళ్ళలు పనిచెయ్యవమ్మా. పైకి వెళ్ళండి. కుట్ల నర్సు దగ్గరికి. దారం ఎక్కువైన వాళ్ళంతా అక్కడే."

కుట్ల నర్సు నలభై ఏళ్ళు ఆస్పత్రిలో మనుషులకి కుట్లు వేసి రిటైరైంది. ఇప్పుడు బుధ, శనివారాల్లో షాపు పైగదిలో క్రోషా అల్లిక నేర్పుతోంది. డెబ్భై ఐదేళ్ళుంటాయి. కళ్ళద్దాలు ముక్కు చివర, మాట చురకత్తి. గదిలో చాప మీద అప్పటికే బ్యాంకు గార్డు, ఒక లెక్కల టీచరమ్మ కూర్చుని ఉన్నారు. గార్డు తన తెగిన ముక్కలన్నీ అతికించి ఏదో అల్లుతున్నాడు. అది ఏమిటో అతనికీ తెలియదు.

నర్సు కొక్కెం ఉన్న చిన్న సూది ఒకటి నాయనమ్మ చేతిలో పెట్టింది. "ముందు జారుముడి వెయ్యి. లాగితే ఊడిపోయే ముడి. దాని మీదే మొత్తం నిలబడుతుంది."

నాయనమ్మ ముడి వేసింది. నర్సు లాగి చూసింది, ఊడలేదు. "ఇది పీటముడి." మళ్ళీ వేసింది. మళ్ళీ పీటముడే. ఐదుసార్లు వేస్తే ఐదుసార్లూ అదే.

"నీకు వేరే ముడి రాదా?"

"రాదు నర్సమ్మగారూ."

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం."

"నలుగురికీ వంట నువ్వేనా?"

"నేనే."

"అయితే రాదు" అంది నర్సు, ఆమె వేళ్ళని తన వేళ్ళతో పట్టుకుని జారుముడి తనే వేయించింది.

తర్వాత గొలుసు. సూదికి దారం చుట్టి, కొక్కెంతో పట్టి, ఉచ్చులోంచి లాగాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. నాయనమ్మ ఇరవై వేసింది. రెండో వరసకి తిరిగేసరికి ఆ గొలుసులో సూది దూరదు. గుండుసూది కూడా దూరదు. అంత బిగుతు.

"ఎవరి పీక పిసుకుతున్నావమ్మా?"

"నా కొడుకుది."

టీచరమ్మ ఫక్కుమంది. నర్సు నవ్వలేదు. "పిసుకు, వద్దనను. కానీ సూది దూరేంత సందు వదిలి పిసుకు. ఊపిరాడకపోతే అల్లిక ముందుకి సాగదు."

ఇంట్లో కొడుకు చూశాడు. "ఏమిటే అమ్మా అల్లుతున్నావు? కథలా? ఈ వయసులో క్లాసులేమిటి, మధ్యాహ్నం పడుకోక." పిల్ల వెళ్ళడానికి ఇంకా ఇరవై రోజులుంది. వాడు అప్పుడే అక్కకి బస్సు టైము చెప్పేశాడు. నాయనమ్మ సూదికి దారం చుట్టుకుంది. వాడు ఎప్పటిలాగే చివరి మాట అనేసి, తువ్వాలు భుజానేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

మూడో క్లాసుకి ఆమె చేతిలో అల్లిక అరచెయ్యంత అయింది. చదరంగా రావాల్సింది ముక్కోణంగా వచ్చింది. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం, చివర ఎలకతోక. నర్సు కళ్ళద్దాలు సర్దుకుని వరసలు లెక్కపెట్టింది. "ఇరవై. పంతొమ్మిది. పద్దెనిమిది. పదిహేడు. ప్రతి వరసలోనూ చివరి కుట్టు వదిలేస్తున్నావు."

"లేదండీ, అన్నీ వేశాను."

"వేశాననుకున్నావు. చివరిది కుట్టులా కనబడదు. అంచులోకి ముడుచుకుని దాక్కుంటుంది. అయిపోయిందిలే అనుకుని తిరిగిపోతావు. వెనక్కి వంచి, గోటితో వెతికి, దాన్నీ వెయ్యాలి. కొత్తవాళ్ళు అందరూ చేసే తప్పే."

"కొత్తవాళ్ళు కాదు" అన్నాడు గార్డు తల ఎత్తకుండా. "ఇంట్లో చివరి మాట ఎదుటివాళ్ళకి వదిలేసేవాళ్ళు."

"నువ్వూరుకోవయ్యా. నీది ఇంతకీ మేజోడా, టోపీయా?"

నర్సు అల్లిక కొస పట్టుకుని సర్రున లాగింది. తప్పు వస్తే క్రోషాలో చేసే పని అదే, మొత్తం విప్పెయ్యడమే. ఒక్కో కుట్టూ టపటపా ఊడుతుంటే, ఆ దారంలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "నీ పెళ్ళి ఖాయం చేసుకునేటప్పుడు నన్నడగలేదు. వందమందికి వంట అనేసరికి అమ్మ గుర్తొచ్చిందా?"

నాయనమ్మ ముఖం కందగడ్డైంది. టీచరమ్మ తన కుట్లు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

"పన్నెండేళ్ళ నాటిది" అంది నర్సు, దారం రంగు వెలుతురులో చూసి. "విప్పితే మాట్లాడుతుంది. అల్లినంతసేపూ నోరు మూసుకుంటుంది. అందుకే చక్కగా అల్లుకోండి, చివర ముడేసి కత్తిరించండి, తీసుకెళ్ళి కుర్చీ మీద పరుచుకోండి. ప్రాణానికి హాయి."

"చివర ముడి వెయ్యకపోతే?"

నర్సు ఆమె వంక కళ్ళద్దాల పైనుంచి చూసింది. "లాగితే ఊడొస్తుంది. ఆ తర్వాత జరిగేదానికి నాకు సంబంధం లేదు."

ఆ సాయంత్రం కొడుకే అడిగాడు. "ఎలాగూ క్లాసులకి వెళ్తున్నావుగా, పిల్ల బట్టలకి ఓ సంచి అల్లు. నీ దారమైతే పదేళ్ళయినా చిరగదు."

"అల్లుతాను" అంది నాయనమ్మ.

పదకొండు రోజులు అల్లింది. కూర తరుగుతూ మధ్యలో నాలుగు కుట్లు, కుక్కరు కూత పెట్టేలోగా ఆరు కుట్లు. గొంతులో అడ్డం పడ్డ కోపం చేతుల్లోకి దిగింది. దిగిన కోపానికి పని దొరికింది. ప్రతి వరస చివరా ఆగి, అంచు వెనక్కి వంచి, దాక్కున్న ఆ ఆఖరి కుట్టుని గోటితో పట్టి లాక్కొచ్చి వేసింది. "ఎక్కడికి పోతావే" అనేది దానితో. అంచులు నిటారుగా నిలబడ్డాయి. ఏడు ఉండలూ అయిపోయాయి, సంచి మూతికి రెండు వేళ్ళ మేర తక్కువ పడింది. రేకు డబ్బా అడుగున ఒక చీపురుపుల్లకి చుట్టిన పాత దారం ఉంది. ఆమెకి మొట్టమొదట వచ్చిన దారం, వాళ్ళమ్మ చుట్టి దాచినది. పసుపు పట్టిన తెలుపు. దాన్ని కలిపి మూతి పూర్తి చేసింది. చివర ముడి వెయ్యలేదు. కొసని లోపలికి మడిచి ఊరుకుంది.

వెళ్ళే రోజు వచ్చింది. కింద వ్యాను పెట్టి ఉంది. మిరియానికి వాళ్ళమ్మ రెండు జడలు వేసి, తలుపు పక్కన నిలబడి గుటకలు మింగుతోంది. సంచిలో గౌన్లు, దువ్వెన, ఒక తువ్వాలు. పుస్తకాలు లేవు. అక్కర్లేదన్నాడు తండ్రి. అతను సంచి భుజానికి తగిలించుకుని, "పద" అన్నాడు.

నాయనమ్మ సంచి మూతిలో వేలు పెట్టి కొస పట్టుకుని లాగింది.

"నేను వెళ్ళను."

కొడుకు చటుక్కున వెనక్కి తిరిగాడు. "ఏమన్నావే?"

"నేనేం అనలేదు" అంది మిరియం. ఆ పిల్ల నోరు మూసే ఉంది. వినిపించిన గొంతు మాత్రం అచ్చం ఆ పిల్లదిలాగే ఉంది.

నాయనమ్మ ఇంకో వరస లాగింది. "నేను వెళ్ళను నాన్నా. రేపు బళ్ళో గంట కొట్టే వంతు నాది. పెద్దగంట. నా కన్నా ముందు తొమ్మిదిమంది కొట్టారు, నేను ఎవరికీ అడ్డు రాలేదు. రేపొక్కరోజు ఆగి పంపు."

"ఎవరిదమ్మా అది?" కొడుకు గొంతు తగ్గింది.

"నాది. తొమ్మిదేళ్ళప్పుడు. ఆగలేదు మా నాన్న."

ఆమె లాగుతూనే ఉంది. వరస మీద వరస ఊడింది. దారం నేల మీద చుట్టలు పడింది. ఆ చుట్టల్లోంచి ఒక ఆడపిల్ల, తర్వాత ఒక కొత్త కోడలు, తర్వాత ఒక తల్లి వంతులవారీగా మాట్లాడారు. ఒకరు ఆకలేస్తోందన్నారు. ఒకరు నా చెయ్యి కాలింది ఎవరూ చూడలేదేం అన్నారు. సంచి సగమై, గౌన్లు ఒక్కొక్కటే గడప మీద జారి పడ్డాయి. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది.

కొడుకు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఆపమ్మా. ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"అప్పుడు అనలేదు కాబట్టి." ఆమె దారం వదిలేసింది. "ఇంక దారంతో పని లేదులే, మిగతాది నోటితోనే చెప్తాను. నా మనవరాలు ఎక్కడికీ రాదు."

"అక్కకి మాటిచ్చానే."

"ఇచ్చింది నీ మాట. పిల్లని కాదు. వెనక్కి తీసుకో."

"ఆ పసివాళ్ళని ఎవరు చూస్తారు మరి?"

"కన్నవాడు చూస్తాడు. పిల్లలు ఇద్దరు, అల్లుడికి చేతులు రెండు. లెక్క సరిపోయింది."

"అతనికి ఉద్యోగం ఉందమ్మా."

"దీనికి బడి ఉంది."

కొడుక్కి కోపమొచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. ప్రతి తగువులోనూ ఎక్కడికి వచ్చి ఆగుతాడో అక్కడికే వచ్చాడు. "నీతో మాట్లాడటం నాదే తప్పు" అని మెట్లవైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాటతోనే వరస అయిపోయేది. నాయనమ్మ వంటింట్లోకి తిరిగిపోయేది.

ఆమె తిరగలేదు. "తప్పు నీదే" అంది. "ఒప్పుకున్నావు కాబట్టి ఫోన్ ఇలా ఇవ్వు."

అతను మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. ఏదో అనబోయాడు, మింగాడు. గొంతుముడి పైకీ కిందకీ కదలడం ఆమె చూసింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టి, పలహారమైనా తినకుండా వ్యానెక్కి పనికి వెళ్ళిపోయాడు.

కూతురు ఫోన్‌లో ఏడ్చింది. "అయితే నన్ను చావమంటావా అమ్మా?" అంది.

"చావొద్దు. మీ ఆయన్ని పిలువు."

"నీకు కొడుకు పిల్లే పిల్ల. నా పిల్లలు పిల్లలు కారు."

"నీ పిల్లల్ని నేను కాదనలేదే. వాళ్ళ కోసం ఇంకో పిల్లని తాకట్టు పెట్టొద్దంటున్నాను. నీకు జ్వరమొస్తే చెప్పు, పాక్కుంటూ అయినా మూడంతస్తులు ఎక్కి వస్తాను. దీన్ని మాత్రం పంపను."

కూతురు ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఐదు నెలలు మాట్లాడలేదు. ఆ ఐదు నెలలూ ఫోన్ మోగిన ప్రతిసారీ నాయనమ్మ చెవి అటే పెట్టేది, అయినా మాట మార్చలేదు.

ఆ పొద్దున కోడలు గడప మీద పడ్డ గౌన్లు ఏరింది. జడలు అలాగే ఉంచి, పిల్లకి బడి బట్టలు తొడిగి, పుస్తకాల అర వైపు చూపించింది. మిరియం మొదటి పీరియడు పోగొట్టుకుని బడికి చేరింది.

సాయంత్రం పిల్ల బడినుంచి వచ్చేసరికి నాయనమ్మ నేల మీద కూర్చుని చిక్కులు తీస్తోంది. కోపం పోలేదు. పోవాలని ఆమె కోరుకోలేదు కూడా, చాలా కాలానికి ఇంటికొచ్చిన చుట్టంలా అది ఆమె పక్కనే కూర్చుని ఉంది. మిరియం వచ్చి ఎదురుగా బాసిపట్లు వేసుకుని ఒక కొస అందుకుంది.

"ఆలస్యంగా వచ్చానని నిలబెట్టారా?"

"ఊఁ. పది నిమిషాలు."

"దీన్ని మళ్ళీ అల్లేస్తానులే. ఈసారి పుస్తకాలు పెట్టుకుందువుగాని. అంచుకి పువ్వులు కూడా నేర్చుకుంటాను, నర్సమ్మ చెప్తానంది."

పిల్ల మిగిలిన సగం సంచి వంక చూసింది. ఆ బూడిద రంగు, ఆ గోనెపట్టా మందం. ఏదో అనబోయింది. నాయనమ్మ ఆ చిన్న గొంతునే చూస్తోంది. లోపల ఒక మాట కిందికి దిగబోయి, సగంలో ఆగి, మళ్ళీ పైకి ఎక్కింది.

"వద్దు నాయనమ్మా" అంది మిరియం. "అది అస్సలు బాగోలేదు. నాకు మొదటినుంచీ నచ్చలేదు. నువ్వు బాధపడతావని ఊరుకున్నాను."